ముఠా మొత్తం కుంటింది

బల్ల మీద ముందు నడిచే మనిషిని చూస్తే చాలు, ఆ ముఠా ఎట్టాంటిదో చెప్పేయొచ్చు. బస్తాలు మోసే మా ముఠాలో ముందు మనిషిని నేను. ఇది నేను డబ్బా కొట్టుకోవడం కాదు, కొడవలూరు దగ్గర మా రైసుమిల్లులో ఎవర్నడిగినా ఇదే చెప్తారు. చెప్పకపోతే నాకు కోపం వస్తుందని కూడా చెప్తారు. నాకంటే నా కోపం ఒక పూట ముందే పుట్టిందని మా అమ్మ అనేది.

బల్ల సంగతి తెలియనోళ్ళకి చెప్తా. వడ్ల బస్తా వీపు మీద వేసుకుని లారీ ఎక్కాలంటే మెట్లుండవు. నేల మీద నుంచి లారీ అంచుకి పొడుగాటి చెక్క ఒకటి ఆనిస్తాం. అదే బల్ల. మనిషి బరువూ బస్తా బరువూ కలిసి పడేసరికి అది కిందికి వంగి పైకి లేస్తుంది. ముగ్గురు నలుగురం ఒకేసారి దాని మీద ఉంటాం కాబట్టి ముందు మనిషి ఎట్టా అడుగేస్తే వెనకోళ్ళూ అట్టానే వెయ్యాల. ఎవడన్నా తాళం తప్పినాడా, బల్ల ఎగిరి వాణ్ణి బస్తాతో సహా కింద పారేస్తుంది. అందుకని బల్ల మీద మాకు సొంత నడకలుండవు. నా నడకే అందరి నడక.

ఇట్టాంటి నాకు నొప్పి పట్టుకుంది. అదీ ఎక్కడ? గజ్జల్లో. గజ్జల్లో నొప్పి అని యాభై దాటిన మగోడు ఎవరితో చెప్పుకుంటాడు? చెప్తే ముఠాలో ఎన్ని కథలు పుడతాయో నాకు తెలుసు. అదే ఇంకొకడికి వచ్చుంటే ఆ కథలు పుట్టించేది నేనే. కాబట్టి ఇంట్లో మోకాలు నొప్పి అని చెప్పినాను. అబద్ధం కూడా కాదు, నొప్పి అప్పుడప్పుడు తొడలో నుంచి జారి మోకాల్లో కూర్చునేది. మా ఆవిడ పాపం, వంటయినాక కూర్చుని మోకాలికి బామ్ రుద్దేది. మోకాలు తళతళలాడిపోయింది గానీ నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఏందయ్యా, మోకాలంటావు, లేచేటప్పుడు పట్టుకునేది మాత్రం అక్కడ" అంది ఒకరోజు. "నీ మోకాలు అంత పైకి ఎప్పుడెక్కింది?"

నాకు ఒళ్ళు మండింది. "నా మోకాలు నా ఇష్టం" అన్నాను. ఇంకేం చెప్పాల?

ఆ తర్వాత నిక్కరు వేసుకోవడం కష్టమైంది. కాలు పైకి లేవదు. నిక్కరు నేల మీద పరిచి, గోడ పట్టుకుని, కాలివేళ్ళతో దాన్ని దొరకబుచ్చుకోవాలని చూసేవాణ్ణి. నిక్కరు పక్కకి పొయ్యేది, దాని వెంట నేను పొయ్యేవాణ్ణి. ఇల్లంతా తిరిగి వంటింటి దాకా చేరేవాళ్ళం ఇద్దరం. చివరికి మా ఆవిడే వచ్చి, గేదెకి పలుపు తగిలించినట్టు ఒక్కో కాలికీ తగిలించి పైకి లాగేది. "బల్ల మీద ముందు మనిషంట, నిక్కరు దగ్గర చూడాల ఈయన్ని" అనేది. నేను ఉడుక్కునేవాణ్ణి గానీ, ఆమె లేకపోతే లుంగీ తప్ప వేరే గతి లేదు కాబట్టి నోరు మూసుకునేవాణ్ణి.

ఇట్టా ఉండగా వేరే ఊరి మిల్లులో ఒకాయన బల్ల మీద నుంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ ఆ మాట విన్నప్పట్నుంచి మా ఓనరుకి నిద్ర లేదు. మా ఓనరు మంచోడే, కాకపోతే పిల్లిని చూసినా పులి అనుకునే రకం. పొద్దున్నే మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టి, "ఈరోజు నుంచి కుంటే మనిషి బల్ల ఎక్కడానికి లేదు. ఎవడన్నా కుంటతా కనపడినాడంటే చీపురు పనికి పంపిస్తా" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తుంటి తడుముకున్నాను.

చీపురు పని అంటే బల్ల కింద రాలిన గింజలు చిమ్మి, చాటలోకెత్తి చెరగడం. తప్పు పనేం కాదు. మా మిల్లులో పెద్దమ్మలు చేస్తారు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ మీసం వచ్చినప్పట్నుంచి నేను ఎక్కిన బల్ల అది. పైన ఇంకెవడో ముందు నడుస్తా ఉంటే, కింద నేను చీపురు పట్టుకుని వాడి కాళ్ళ సందుల్లో చిమ్ముతా ఉండాలా? ఆ మాట తల్చుకుంటేనే ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. కంట్లో దుమ్ము పడిందని చెప్పినాను.

ఇక అప్పట్నుంచి దొంగ బతుకు. ఓనరు కనపడితే చాలు, నడిచేవాణ్ణల్లా టక్కున ఆగిపోయి ఆకాశంలోకి చూసేవాణ్ణి. ఆయన వచ్చి పక్కన నిలబడి ఆయనా చూసేవాడు.

"ఏంది, వానొచ్చేట్టుందా?"

మండే ఎండ. మబ్బు తునక లేదు. "చెప్పలేమయ్యా" అనేవాణ్ణి. ఆయన భయపడిపోయి బయటున్న వడ్లకి పట్టలు కప్పించేవాడు. కప్పేది ఎవరు? మేమే. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు ఆ పని కూడా నా తుంటి మీదే పడింది.

నేల మీదైతే ఆగిపోవచ్చు, బల్ల మీద ఆగేదెట్టా? ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు జారుడుగా పడేది. నా వెనక ముఠా మొత్తం అదే అడుగు. ఓనరు అటు తిరిగినప్పుడే గబగబా ఎక్కేసేవాళ్ళం కాబట్టి కొన్నాళ్ళు జరిగిపోయింది.

ఒకరోజు టీ వేళకి చూద్దును గదా, ముఠా మొత్తం నేల మీద కూడా కుంటతా వస్తా ఉంది! బల్ల లేదు, బస్తా లేదు, టీ అంగడికి పొయ్యే చదునైన దారి. ఒకడి వెనక ఒకడు, అచ్చం నా మాదిరి. నన్ను ఎక్కిరిస్తా ఉండారని నాకు తల తిరిగిపోయింది. చేతిలో క్యారియర్ గిన్నె ఉంటే విసిరేసినాను. అది ఎవరికీ తగల్లేదు, మజ్జిగన్నం మాత్రం నేలపాలైంది.

"బావా, ఆవేశపడమాక" అన్నాడు రెండో మనిషి.

రెండో మనిషి సాయిబు. ఎప్పట్నుంచో నా వెనకే నడుస్తాడు. వరస కలిసే దారేమీ లేదు గానీ నేను బావా అంటాను, వాడూ నన్ను బావా అంటాడు. నన్ను పక్కకి లాక్కుపోయి చెప్పినాడు. "నీ కాలు సంగతి మాకు తెలీదనుకున్నావా? నీ వెనక నడిచేది మేమేగదా. ఒకడు కుంటితే వాడు కుంటోడు. అందరం కుంటితే అది ముఠా నడక. కోతల టైము, లారీలు రోడ్డు దాకా నిలబడుండాయి. ముఠాని మొత్తం చీపురుకి పంపిస్తాడా ఓనరు? అందుకని నేనే చెప్పినా వీళ్ళకి, అందరూ కుంటండ్రా అని."

నా కోసం! నాకు వాణ్ణి కావిలించుకోవాలనిపించింది. కొంచెం వంగాల్సొస్తుందని మానుకున్నాను.

మర్నాటి నుంచి మా నాటకం మొదలైంది. కుంటడం తేలికనుకుంటారు, కాదు. ఒకడు ముల్లు గుచ్చుకున్నోడి మాదిరి గెంతేవాడు. ఒకడు కుంటతా కుంటతా మర్చిపోయి పరిగెత్తేవాడు. ఇంకొకడు పొద్దున కుడికాలు కుంటి, అన్నం తిన్నాక ఎడమకాలు కుంటినాడు. "ఏందిరా, కాలు మార్చినావు?" అని గదమాయించినాను.

"కుంటి కుంటి కుడికాలు నొప్పెత్తింది, అన్నా" అన్నాడు.

టీ అంగడి అక్క అందర్నీ వరసగా చూసి, "ఏందబ్బా, ఎవురి కాలు ఎవురు తొక్కినారు?" అంది. మేం గంభీరంగా టీలు తాగి, గంభీరంగా కుంటతా పోయినాం.

వీళ్ళందర్లోకీ బావ కుంటుడే కుంటుడు. ఏం చెయ్యి తిరిగినోడో గానీ, వాడు నడుస్తా ఉంటే నాకే జాలేసేది. ఒకసారి ఊక కుప్ప వెనక వాడొక్కడే పోతా ఉండాడు, చుట్టుపక్కల పురుగు లేదు, అయినా కుంటతా ఉండాడు. "ఎవరూ చూడకపోయినా కుంటతా ఉండావే, అదీ పనితనం అంటే" అని మెచ్చుకున్నాను. "అలవాటు తప్పకూడదు గదా బావా" అన్నాడు. మిగతా వెధవలకి వాణ్ణి చూపించి, చూసి నేర్చుకోండ్రా అని తిట్టినాను.

ఓనరు మొదట ఇది సమ్మె అనుకున్నాడు. కొత్తరకం సమ్మె. ఆఫీసులోకి పిలిచి, అల్లం వేసిన మజ్జిగ ఇప్పించి, "మీకేం కావాలో నోరు తెరిచి అడగండి, ఇట్టా నడిచి నన్ను చంపబాకండి" అన్నాడు. మాకేం కావాలో మేం అనుకోలేదు, మజ్జిగ బాగుందని చెప్పి వచ్చేసినాం. తర్వాత నీళ్ళలో తేడా ఉందనుకుని తాగునీళ్ళ ట్యాంకు కడిగించినాడు. అదీ పని చెయ్యలేదు. చివరికి వాస్తు చూసే ఆయన్ని తీసుకొచ్చినాడు. ఆయన మిల్లంతా తిరిగి, నైరుతిలో బల్ల ఆనిస్తే కాళ్ళు పోక ఏమవుతాయన్నాడు. దాంతో లారీలు అటు తిప్పి, బల్ల ఇటు పెట్టించినారు. పూర్తిగా తగ్గిపోతే అనుమానం వస్తుందని ఆ రోజు మేం రవంత తక్కువ కుంటినాం. వాస్తు ఆయనకి శాలువా కప్పినారు.

రెండో రోజుకి మళ్ళీ మామూలే. ఓనరు బెంబేలెత్తిపోయి, నెల్లూర్లో ఎముకల డాక్టరుగా ఉన్న వాళ్ళ చుట్టాన్ని మిల్లుకే పిలిపించినాడు.

డాక్టరు వస్తా ఉండాడని తెలిసి నా గుండె జారిపోయింది. బావే ధైర్యం చెప్పి, అందరికీ పాఠం చెప్పినాడు. "డాక్టరు కాలు తిప్పగానే గట్టిగా అరవండి. పది మంది అరుపుల్లో ఎవడి నొప్పి నిజమో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు." నేను మాత్రం వేరేగా అనుకున్నాను. నేను అరవకపోతే నాకేం లేదనుకుంటాడు గదా! తువ్వాలు నోట్లో కుక్కుకుని సిద్ధమైనాను.

బియ్యం మూటలు పేర్చి వాటి మీద దుప్పటి పరిచినారు. ఒక్కొక్కణ్ణి పడుకోబెట్టి, మోకాలు మడిచి, డాక్టరు కాలు తిప్పి చూస్తా ఉండాడు. మొదటోడు పడుకోగానే "అమ్మా, చచ్చినా!" అని మిల్లు అదిరేట్టు అరిచినాడు.

"నేనింకా ముట్టుకోలేదయ్యా" అన్నాడు డాక్టరు.

తర్వాతోళ్ళు కూడా తక్కువేం తినలేదు. ఒకడు నాయనోయ్ అన్నాడు, ఒకడు వాళ్ళ ఇలవేలుపుని పిలిచినాడు. చీపురు పెద్దమ్మలు పని మానేసి వచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. బావ వంతు వచ్చేసరికి వాడు లేడు. డాక్టరు గారికి టీ తెస్తానని చెప్పి అంగడికి పోయినాడు. దాంతో నన్ను రమ్మన్నారు.

పడుకున్నాను. డాక్టరు నా కాలు పట్టుకుని లోపలికి తిప్పినాడు. అబ్బ, ఏం చెప్పేది! కళ్ళ ముందు నక్షత్రాలు కాదు, మా తాతలంతా కనపడినారు. అయినా తేలు కుట్టిన దొంగ మాదిరి కిక్కురుమనలేదు. తువ్వాలు మాత్రం చిరిగింది. డాక్టరు మళ్ళీ తిప్పబోయి, ఆగి, నా మొహం చూసి, నా కాలు మెల్లగా కింద పెట్టినాడు.

ఓనరు వైపు తిరిగి, "అరిచినవాళ్ళ కాళ్ళన్నీ గిలకల్లాగా తిరిగాయి. వాళ్ళకేం లేదు. ఈయన అరవలేదు. ఈయన కాలే తిరగలేదు" అన్నాడు.

నా నాటకం అక్కడికక్కడే ముగిసింది. డాక్టరు మంచిగానే మాట్లాడినాడు. "గజ్జల్లో నొప్పి ఉందా? మోకాల్లోకి దిగుతుందా? ఇది తుంటి కీలు అరుగుడు. ఏళ్ళ తరబడి పెద్ద బరువులు మోసేవాళ్ళలో, పొలం పనులు చేసేవాళ్ళలో ఇది ఎక్కువగా చూస్తాం. మోసిన ప్రతివాళ్ళకీ వస్తుందని కాదు, రావడానికి అవకాశం పెరుగుతుంది."

వెనక నుంచి టీ గ్లాసులతో బావ వచ్చి నిలబడినాడు. "సార్, ఒకరికొస్తే పక్కనున్నోళ్ళకి కూడా వస్తదా?" అని అడిగినాడు.

"అంటురోగం కాదయ్యా ఇది. కాకపోతే ఇద్దరూ ఒకే పని చేస్తే ఇద్దరికీ రావచ్చు."

బావ డాక్టరుకని తెచ్చిన టీ తనే గటగటా తాగేసినాడు. దాహమేమో అనుకున్నాను. టీ అంగడి నుంచి వచ్చినోడికి అంత దాహమేందని నాకు తట్టలేదు.

నెల్లూరు పోయి ఎక్స్‌రే తీయించుకున్నాం. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండాల్సిన సందు దాదాపు పోయిందని డాక్టరు ఫిలిం ఎత్తి చూపించినాడు. మా ఆవిడ వంగి వంగి చూసి, "ఇందులో మోకాలు కనపడదేంది సార్?" అంది. జబ్బు మోకాల్లో లేదని డాక్టరు చెప్పినాక ఆమె నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలినాయని సామెత వింటే నవ్వుకునేవాణ్ణి, నా ఒంట్లోనే జరిగింది. డాక్టరు మాత్రలిచ్చి, చెయ్యాల్సిన కసరత్తులు చెప్పి, ఆపరేషన్ సంగతి ముందుముందు చూద్దామన్నాడు. బస్తా మాత్రం ఇక ముట్టుకోవద్దన్నాడు. ఆ ఒక్క మాట నాకు మిగతా అన్నింటికంటే గట్టిగా తగిలింది.

రెండు రోజులు ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాను. మూడో రోజు ఓనరే మనిషిని పంపించినాడు. పొయ్యి చూస్తే బల్ల మీద రణరంగం. ముందు మనిషి లేక ఒకడి అడుగు ఒకడికి కలవక, బస్తాలు జారి, వడ్లు చిందరవందర. "నిన్ను చీపురుకి పంపిస్తే ఈ ముఠా నన్ను పంపించేట్టుంది" అని ఓనరు ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి బల్ల కాడ వేయించినాడు. "ఇక్కడ కూర్చుని అడుగు చెప్పు, చాలు."

కుర్చీ! నాకు! ముందు తన్నేద్దామనుకున్నాను, తన్నడానికి కాలు లేవదని కూర్చున్నాను. "ఎయ్యి... ఎత్తు" అని అరవడం మొదలుపెట్టినాను. గొంతుకి ఏ రోగమూ లేదు కాబట్టి ముఠా దారిలో పడింది. నిజం చెప్పొద్దూ, కాసేపటికి నాకు బాగానే ఉంది.

ఇప్పుడు ముందు మనిషి బావ. నేను లేని రెండు రోజులూ ఏదో వంకతో తప్పించుకున్నాడంట గానీ, వరస ప్రకారం రెండో మనిషే ముందుకు రావాల. వాడి వెనక ఎక్కేవాళ్ళంతా ఇంకా కుంటతానే ఉండారు. ఓనరుకి నవ్వొచ్చి, "ఇంకా దేనికిరా? నాటకం అయిపోయిందిగా?" అన్నాడు.

"మేం కాదయ్యా, ముందు మనిషి అడుగు అట్టా ఉంది" అన్నారు వాళ్ళు.

ఓనరు అలవాటనుకుని నవ్వుకుంటా పోయినాడు. నేను నవ్వలేదు. ఇన్నేళ్ళుగా నేను ముందు, వాడు వెనక. బల్ల మీద వాడు నడిచేది నేను ఎప్పుడూ చూసినోణ్ణి కాదు. మొదటిసారి కుర్చీలో కూర్చుని ఎదురుగా చూస్తా ఉండా. బల్ల దిగినాక మిగతావాళ్ళంతా చక్కగా నడిచి వస్తా ఉండారు. బావ ఒక్కడే కుంటతా వస్తా ఉండాడు. కుళాయి దగ్గర కాలు కడుక్కోడానికి వాడు కాలు ఎత్తలేదు, గోడ పట్టుకుని, ఇంకో కాలి వేళ్ళతో రుద్దుకున్నాడు. ఆ గోడ పట్టుకోవడం నాకు తెలుసు. మా ఇంట్లో నిక్కరు దగ్గర రోజూ చేసేది నేనే గదా.

ఊక కుప్ప వెనక ఎవరూ చూడని కుంటుడు. డాక్టరు దగ్గర వాడి వంతు వచ్చినప్పుడు తేబోయిన టీ. అందరూ కుంటండ్రా అన్న ఆలోచన ఎవరిది? వాడిది. నా కోసమే అనుకుని నేను మురిసిపోయినాను. నా కోసమూ నిజమే. నా వెనక దాక్కుని వాడి కోసం కూడా.

బల్ల ఎక్కబోతా వాడు నా మొహం చూసినాడు. నాకు తెలిసిపోయిందని వాడికీ తెలిసింది. బస్తా కింద నుంచి, "బావా, గమ్మునుండు" అన్నాడు. నేను బల్ల దిగాల్సొచ్చినప్పుడు నాకు ఎట్టా ఉందో నాకు తప్ప ఎవరికి తెలుసు? గమ్మునే ఉందామనుకున్నాను. వాడు బల్ల మధ్యకి పోయినాడు. జారుడు అడుగు పడేచోట బల్ల ఎగిరింది. వాడు ఒక పక్కకి ఒరిగినాడు, బస్తా ఊగింది, వెనకోళ్ళు కేక పెట్టినారు. ఎట్టానో నిలదొక్కుకుని పైకి చేరినాడు.

"అయ్యా!" అని అరిచినాను ఓనర్ని. "ఇంకో కుర్చీ కావాల."

"ఇంకోటా? ఎవరికి?"

బావ లారీ మీద నుంచి తల అడ్డంగా ఊపుతానే ఉండాడు. నేను చెయ్యెత్తి వాణ్ణి చూపించినాను.

దిగొచ్చి వాడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మా ఆవిడ చదివించుకుని వింటది. ఆ పూటంతా కుర్చీలో మొహం అటు తిప్పుకునే కూర్చున్నాడు. కుర్చీ నీలం రంగుదని, నా ఎర్ర కుర్చీ కంటే పొట్టిదని కూడా గొణిగినాడు. నాకు ఏడుపొస్తా ఉంది, నవ్వూ వస్తా ఉంది.

సాయంత్రం లారీ కదిలినాక, లేద్దామని కాలు మెల్లగా చాపినాడు. అప్పుడు "అమ్మా!" అని అరిచినాడు. మిల్లు అదిరింది. పెద్దమ్మలు చీపుర్లు వదిలి చూసినారు. డాక్టరు ముందు అరవాల్సిన అరుపు అది, ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్నాడు.

"ఇంకోసారి అరవు బావా" అన్నాను. "ఇంక మనకి దాచిపెట్టే పని లేదు."

వాడు మళ్ళీ అరిచినాడు. ఈసారి నేను కూడా అరిచినాను.